కాంటాకు అందని రాయి

భయపడి తప్పిన మాటను దేవుడు ఏ లెక్కలో వేస్తాడు, మోసంలోనా, చేతకానితనంలోనా? పంతొమ్మిదేళ్లుగా ఈ సందేహం నాతోనే ఉంది. గుడికి పురాణం చెప్పడానికి వచ్చినవారిని అడుగుదామని చాలాసార్లు దగ్గరిదాకా వెళ్లాను. అడిగితే ఏం మాట, ఎవరికిచ్చావు అని వాళ్లు అడుగుతారు. చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించి తిరిగి వచ్చేవాణ్ణి.

మాట ఇచ్చింది మల్లవ్వకు. తప్పింది ఒక రాయి విషయంలో.

నేను లక్డారం దగ్గర ఒక కంకర క్రషర్‌లో కాంటా మీద ఉంటాను. టిప్పరును ఖాళీగా ఒకసారి, కంకర నింపుకున్నాక మరోసారి తూచి చీటీ ఇవ్వడం నా పని. పేరు పెద్దరాములు. డ్రైవర్లు రాములన్నా అంటారు, కోపం వస్తే కాంటాసారూ అంటారు. ఇరవై మూడేళ్లుగా అదే గది, అదే కిటికీ, అద్దం మీద అదే తెల్లటి దుమ్ము. పొద్దున తుడిస్తే పది గంటలకల్లా వేలితో పేరు రాసుకునేంత పడుతుంది.

అప్పట్లో మల్లవ్వ మా గేటు ముందు కూర్చుని కూరగాయలు, కాలాన్ని బట్టి సీతాఫలాలు, రేగుపళ్లు అమ్మేది. ఆమెది లక్డారమే. చేతిలో రెండు పళ్లేల తరాజు, పక్కన చిన్న ఇనుప గుండ్లు, రెండు కిలోలకు మాత్రం ఒక నల్లరాయి. అరచేతిని మించి ఉండేది కాదు. పిండిముద్దను అక్కడక్కడా బొటనవేలితో నొక్కి వదిలేసినట్టు గుంటలు గుంటలుగా ఉండేది. చూస్తే కనపడే బరువుకూ ఎత్తితే తెలిసే బరువుకూ పొంతన లేదు. "మా మామ దున్నుతుంటే ఆకాశంల కెళ్లి చేన్ల వడ్డదంట. రెండు దినాలు ఎవ్వల్ని ముట్టనియ్యలేదంట, గంత వేడి" అని చెప్పేది. ఒకసారి ఆఫీసులోని చిన్న తక్కెడలో దాన్ని తూచి, రెండు కిలోలకు నలభై గ్రాములు తక్కువుందని చెప్పాను.

"గా నలభైకే గదా నేను కొసరేసేది" అంది. "ఎవ్వలనన్న కొసరు లేకుంట పంపిన్నా, నువ్వే సెప్పు."

పెళ్లయిన పదో ఏట నా భార్య ధనలక్ష్మికి కడుపులో గడ్డ లేచి సంగారెడ్డిలో ఆసుపత్రి పాలయింది. మాకు పిల్లలు లేరు. ఒకరికి ఒకరమే. ఆపరేషన్ అయ్యాక కూడా జ్వరం దిగలేదు. నాకు శని నడుస్తోందని, శనివారం నల్లరాతికి నువ్వుల నూనె పొయ్యమని మా గుడి అయ్యగారు చెప్పారు. ఆ సాయంత్రం ఆసుపత్రికి పోతూ గేటు దగ్గర ఆగి ఈ సంగతి మల్లవ్వకు చెప్పాను. ఆమె తరాజులోంచి రాయి తీసి నా చేతుల్లో పెట్టింది.

"తీస్కపో బిడ్డా. ఇంటిదానికి నయమైనంక తెచ్చియ్యి."

"ఇంటికొచ్చిన మర్నాడే తెచ్చిస్త అవ్వా" అన్నాను. అదీ నేనిచ్చిన మాట.

పద్నాలుగో రోజున ధనలక్ష్మి ఇంటికి వచ్చింది. మర్నాడు రాయి కడిగి సంచిలో పెట్టుకున్నాను. గడప దాటబోతుంటే లోపల ఆమె దగ్గింది. మామూలు దగ్గు. సంచి దించి, రాయిని మళ్లీ దేవుని గూట్లో పెట్టాను. ఇంకో వారం చూద్దాం అనుకున్నాను. ఆ వారం పదిహేడేళ్లయింది.

మల్లవ్వ ఎన్నడూ రాయి అడగలేదు. "ఇంటిది మంచిగున్నదా?" అని మాత్రం అడిగేది. బాగుందంటే మరి రాయేది అన్నట్టు ఉండేది నాకు. బాగాలేదంటే అబద్ధం, పైగా అపశకునం. రాయి బదులు ఆమె ఒక ఇటుక పెట్టుకుంది. ఆ ఇటుకను చూడలేక నేను ఆమె దగ్గర కొనడం తగ్గించాను, తర్వాత మానేశాను. మోకాళ్లు పట్టేసి ఆమె గేటు దగ్గరికి రావడం మానేసినప్పుడు, చెప్పడానికి సిగ్గేస్తుంది, నాకు కొంచెం తేలికగా అనిపించింది.

రెండేళ్ల కిందట ధనలక్ష్మి పోయింది. మంగళవారం పొద్దున బియ్యం ఏరుతూ, చేతిలో చాట ఉండగానే ఒరిగిపోయింది. అంతకు మూడు రోజుల ముందు, శనివారం, రాతికి నూనె పోశాను. ఎప్పటిలాగే పోశాను. మాట నిలబెట్టుకుని ఉంటే ఆమె ఇంకా ఉండేదా, లేక పదిహేడేళ్ల ముందే పోయేదా? దేవుని ముందు కూర్చుని చాలా రోజులు ఇదే అడిగాను.  

ఇక భయపడటానికి ఎవరూ లేరు కదా, అప్పుడైనా ఎందుకు ఇవ్వలేదంటే, ఇల్లు. పటాన్‌చెరు వెనక బస్తీలో మావి రెండు గదులు. సాయంత్రం తాళం తీస్తే లోపల నేను, ఆ రాయి. శనివారం దానికి స్నానం చేయించాలి, నూనె పొయ్యాలి, బొట్టు పెట్టాలి. ఆ ఇంట్లో నా కోసం కనిపెట్టుకుని ఉండే పని అదొక్కటే.

మొన్న ఆశ్వయుజంలో, ఒక గురువారం, టిప్పరు డ్రైవర్ బాలరాజ్ చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడి ఫోను చూస్తూ నవ్వాడు.

"రాములన్నా, శనివారం పొద్దుమీకి జెర కాంటా ఖాళీ వెట్టు. ఇంకో లోడు వస్తున్నది."

"ఏడికెళ్లి?"

"పై కెళ్లి. ఒక్కటే రాయంట, మన టిప్పరంత. పర్మిట్ లేదు, డ్రైవర్ లేడు, సీదా మన దిక్కే వస్తున్నదంట."

అతను నవ్వుకుంటూ పోయాడు. నాకు నవ్వు రాలేదు. మా ఆఫీసులో కంకర నాణ్యత చూసే ఇంద్రజ అనే అమ్మాయి ఉంది. వాళ్ల నాన్నగారు గుంటూరు వైపు నుంచి ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. టీ తాగే వేళ ఆమెను అడిగాను.

"భయమేం లేదండీ రాములు గారూ. శనివారం సాయంత్రం అయిదూ పదిహేడుకి మనకి బాగా దగ్గరగా వస్తుంది. టీవీ ఉపగ్రహాలు ఉంటాయి కదా, వాటికన్నా లోపలికి వచ్చి, పక్కనుంచి వెళ్లిపోతుందట. మనకి కనపడదు. అప్పటికి ఇంకా వెలుగుంటుంది, పైగా అది చాలా చిన్నది."

"టిప్పరంత ఉన్నది చిన్నదెట్లయితది మేడం?"

"ఆకాశంలో టిప్పరెంతండీ? నాలుగు రోజుల కిందటి దాకా అదొకటి ఉందనే ఎవరికీ తెలీదు."

"మరి భూమి దాన్ని పట్టుకోదా?"

"అంత వేగంగా పోయేదాన్ని ఏం పట్టుకుంటుందండీ. దారి మాత్రం కొంచెం వంగుతుందట. మళ్లీ ఇదే దారిన రాదు."

ఉందనే ఎవరికీ తెలియదు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎన్ని వేల ఏళ్లుగా తిరుగుతోందో. తోడు లేదు, పేరు లేదు. మా గుడిలో నవగ్రహాల చుట్టూ ప్రతి శనివారం తొమ్మిది ప్రదక్షిణలు చేస్తాను. ఈ రాతికి ఆ మండపంలో చోటు లేదు. మా ఇంటి గూట్లో ఉన్నది కూడా నిజంగా పైనుంచి పడిందే అయితే, వచ్చేది దానికి ఏమవుతుంది? చుట్టమా?

శుక్రవారం గుడికి వెళ్లి అయ్యగారిని అడిగాను.

"పంచాంగంలో ఉందా?" అన్నారాయన.

"లేదయ్యగారూ."

"అయితే లేదు."

"అంటే రాదా?"

"వస్తే రానీ. దానికి పట్టు లేదు, విడుపు లేదు, గుడి మూసేది లేదు. ఇంటికి పోయి అన్నం తిను పెద్దరాములూ. ఈ మధ్య చిక్కినావు."

ఆయన చెప్పింది సబబే. అయినా ఇంటికి వచ్చాక నా మనసు వినలేదు. సూర్యుని మీదికో చంద్రుని మీదికో నీడ వస్తేనే మనం తినకుండా కూర్చుంటాం. ఒక రాయి స్వయంగా గడపదాకా వస్తుంటే మామూలుగా ఎలా ఉండటం? గ్రహణంలాగే పాటించాలనుకున్నాను. నీళ్ల బిందె మీద, పచ్చడి జాడీ మీద గరిక పోచలు వేశాను.

అప్పుడే మా అమ్మ నియమం గుర్తొచ్చింది. గ్రహణం పట్టేలోపు, అడిగి తెచ్చుకున్న వస్తువు ఏదీ ఇంట్లో ఉండకూడదనేది. గ్రహణం రోజు పొద్దున జల్లెడ ఒకరికి, రోకలి ఒకరికి ఇచ్చిరావడానికి నన్ను వాడంతా తిప్పేది. ఈ పంతొమ్మిదేళ్లలో ఎన్ని గ్రహణాలు వచ్చాయో. ప్రతిసారీ నేను చేసింది ఒకటే. రాయిని తీసుకెళ్లి బయట ప్రహరీగోడ మీద పెట్టేవాణ్ణి. విడుపు అయ్యాక లోపలికి తెచ్చేవాణ్ణి. ఒకసారి ధనలక్ష్మి చూసి, "గోడ మీద వెడ్తే ఇంట్ల లేనట్టేనా?" అని అడిగింది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

శుక్రవారం రాత్రి ఆ ప్రశ్న నన్ను పడుకోనివ్వలేదు. రేపు వచ్చేది గోడ బయటినుంచే వస్తుంది. గోడ మీద దాచితే దాగేది ఏముంది?

శనివారం తెల్లవారి లేచి రాతికి నూనె పోయలేదు. శీకాయ పొడితో మూడుసార్లు రుద్ది కడిగాను. జిడ్డు పోతుంటే లోపలి నలుపు బయటికి వచ్చింది, నేను దాన్ని మొదటిసారి ఎత్తుకున్న రోజు చూసిన నలుపు. తువ్వాలలో చుట్టి, ఏమీ తినకుండా బయల్దేరాను. వెనక్కి చూస్తే గూట్లో రాయి ఉన్నచోట గుండ్రటి జిడ్డు మరక. తాళం వేసి షేర్ ఆటో ఎక్కాను.

మధ్యాహ్నం బండ్లు లేని వేళ రాయిని తీసుకెళ్లి కాంటా పలక నడుమ పెట్టి వచ్చి చూశాను. సున్నా. మా కాంటా పది కిలోల లెక్కన చూపిస్తుంది. అంతకు తక్కువది దానికి లేనట్టే. ఇంద్రజను అంకె చూడమని చెప్పి నేనే వెళ్లి నిలబడ్డాను. డెబ్బై అంది. రాయిని ఎత్తుకుని నిలబడ్డాను. డెబ్బై. రాయి కింద పెట్టి దూరంగా జరిగాను. సున్నా. పదిహేడేళ్లు నా ఇంటిని నిలబెట్టిందని నేను నమ్మిన బరువు అది.

"ఏందన్నా, ఉపాసముండి తూకం జూస్కుంటున్నవా?" అప్పుడే వచ్చిన బాలరాజ్ బండిలోంచి అరిచాడు. "తగ్గినవులే, దిగు. నా బండి ఎక్కాలె."

రాయి తీసి పక్కకు వచ్చాను. అతని బండి తూచి చీటీ ఇస్తూ, "ఊర్ల దింపుతవా?" అని అడిగాను.

"లక్డారంల నీకేం పని? ఇన్నేండ్లల్ల ఒక్కసారి పోంగ సూడలె."

"ఒక వస్తువియ్యాలె."

అతను తువ్వాల మూటను చూశాడు, నా మొహం చూశాడు. ఇంకేం హాస్యమాడలేదు. ఇంద్రజ కాసేపు కాంటా చూస్తానంది. నాలుగున్నరకు ఊరి మలుపు దగ్గర దిగాను.

మల్లవ్వ ఇల్లు రెండో సందులో అని తెలుసు. మొదటి సందు దాటి, మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. మూట ఒళ్లో ఉంది. ఇచ్చేస్తే ఈ సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్లి ఏం చేయాలి? దీపం పెట్టాలి, సరే. ఆ తర్వాత? వచ్చే శనివారం? రెండేళ్లుగా ధనలక్ష్మి గురించి నేను మాట్లాడింది ఈ రాతితోనే. అది రాయే కావచ్చు. వినేది కాకపోవచ్చు. నేను మాట్లాడటం మాత్రం నిజం. లేచి మలుపు వైపు పది అడుగులు వెనక్కి వేశాను కూడా. ఫోనులో అయిదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. గోడ మీద పెడితే ఇంట్లో లేనట్టేనా అని ధనలక్ష్మి అడిగినప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు కూడా వెనక్కి పోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. తిరిగి సందులోకి నడిచాను.

మల్లవ్వ గడప మీద కూర్చుని ఉంది. ముందు బుట్టలో సీతాఫలాలు. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్లు నా వైపే ఉన్నాయి గానీ నన్ను పట్టుకోలేకపోతున్నాయి.

"ఎవలది? అడుగు ఎరికైన అడుగే. పేరొస్తలేదు."

"నేనవ్వా. కాంటాకాడి పెద్దరాములును."

"ఓహో" అంది. "తొవ్వ దొరికిందా? లక్డారం ఏడికి పోలె గదా. గీడనే ఉన్నది."

నేను కింద కూర్చుని మూట విప్పి, రాయిని ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె రెండు చేతులతో తడిమింది. కుడి బొటనవేలు తిన్నగా ఒక గుంటలోకి వెళ్లి ఆగింది. 

"నూనె వాసనొస్తున్నది."

"మూడు మాట్ల కడిగిన అవ్వా."

"పంతొమ్మిదేండ్ల నూనె. యాడవోతది."

"ధనలక్ష్మి పోయిందవ్వా. రెండేండ్లాయె."

"ఎరికే. నాకెవ్వలు సెప్పరనుకున్నవా? నువ్వొచ్చి సెప్తవని సూసిన." రాయిని ఒళ్లో సర్దుకుంది. "కోపానికొచ్చి గీన్ని తీస్కపోయి క్వారీ గుంతల వడేస్తివేమో అనుకున్న."

"మాట తప్పిన అవ్వా. ఇంటికొచ్చిన మర్నాడే తెస్తనన్న."

"తప్పినవ్" అంది. పోనీలే అనలేదు. "నేను ఇటుక వెట్టి అమ్మిన. వానకు తడిస్తె ఇటుక బరువైతది. తడిసిన దినం కొన్నోళ్లకే లాభం. ఎన్ని వానలైనయో నువ్వే లెక్కవెట్టు, కాంటాసారువు గదా."

తల దించుకున్నాను. తర్వాత అన్నాను, "భయమైందవ్వా. ఇచ్చేస్తే ఆమెకు ఏమన్నయితదని. ఆకాశంల కెళ్లి వడ్డదంటివి గదా."

"నేనెక్కడన్న? మా మామ అన్నడు. మా మామ కల్లు మీదుండి శాన అన్నడు. గా గుట్ట గూడ తనదే అన్నడు."

"మరి నాకెందుకిచ్చినవు? దేవుని రాయని గాదా?"

"పంతులు నల్లరాయి అన్నడంటివి. నా కాడ నల్లరాయున్నది." రాయి మీద అరచెయ్యి ఆనించింది. "గదొక్కటే గాదు. ఆ పొద్దు నీ చేతులు వణుకుతున్నయి బిడ్డా. బస్సెక్కి కడ్డీ గూడ పట్టుకోలేవనిపించింది. బరువున్నదేదన్న చేతుల వెడ్తే వణుకు నిలుస్తది. మా ఆయన పోయిన్నాడు నేను గిదే పట్టుకోని కూసున్న, తెల్లారిందాక."

 ఆ రోజు నా చేతులు వణికాయన్న సంగతే నాకు తెలియదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రాయిని పొట్టకు ఆనించుకుని, సంగారెడ్డి దాకా అలాగే వెళ్లడం మాత్రం గుర్తుంది.

"సూపెట్టు చేతులు" అంది. చాపాను. ఆమె మణికట్టు దగ్గర పట్టుకుని, చూసే కళ్లు లేవు గనక అలాగే కొంతసేపు పట్టుకుని, వదిలేసింది. 

జేబులో ఫోను కదిలింది. ఇంద్రజ దగ్గరినుంచి. "వెళ్లిపోయిందండీ" అని ఉంది. టైము అయిదూ ఇరవై ఆరు. అయిదూ పదిహేడు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నేను చూసుకోనేలేదు. తలెత్తాను. క్రషర్ల దుమ్ముతో తెల్లబడిన ఆకాశం, చాలా ఎత్తున ఒక గద్ద. అంతకు మించి ఏమీ లేదు.

"ఏంది, ఫోన్ల ఏమొచ్చింది?"

"ఒక రాయి పోయిందవ్వా, ఇప్పుడే. టిప్పరంత."

"ఎవలది?"

"ఎవలదీ గాదు."

"పోనీ మరి" అంది. తర్వాత, "నీ నోరెండింది, మాటల తెలుస్తున్నది. ఏమన్న తిన్నవా?"

"ఉపాసమున్న."

"దేనికి?"

 ఆమె జవాబు కోసం ఆగకుండా, తలుపు వెనక మేకుకు తరాజు ఉంది, తెమ్మంది. మనవడు బ్యాటరీతో నడిచే కొత్త కాంటా కొన్నాడట. "గది అంకెలు జూపెడ్తది. అంకెలు నాకు గనవడయి. గిదైతే చెయ్యికే తెలుస్తది" అంటూ తరాజు అందుకుంది. ఇటుక కోసం పక్కకు చాపిన చెయ్యి మధ్యలో ఆగింది. వెనక్కి తీసుకుని, ఒళ్లోని రాయిని ఎత్తి ఒక పళ్లెంలో పెట్టింది. ఆ పళ్లెం టక్కున కిందికి దిగింది.

"పండ్లు గావు, కాయలే. ఇంటికి పోయి బియ్యంల వెట్టు. పొద్దున మాపున ఒత్తి సూస్తుండాలె. సోమారానికి ఒకటి, మంగళారానికి ఒకటి మెత్తవడ్తయి. యాది మరిస్తె కుళ్లిపోతయి."

"చూస్త అవ్వా."

ధనలక్ష్మి పోయాక ఇంట్లో బియ్యం డబ్బా అడుగుదాకా ఎప్పుడూ తియ్యలేదు. రోజుకు ఒక గ్లాసు బియ్యంతో సరిపోతుంది నాకు. అందులో చెయ్యి పెట్టి కాయలు వెతుక్కోవాలి ఇక.

ఆమె ఒక్కొక్క కాయా ఎత్తి రెండో పళ్లెంలో వేసింది. నాలుగు, అయిదు, ఆరు. రాయి మెల్లగా లేచింది. తరాజు కొంచెం ఊగి, నిలిచింది. పళ్లేలు రెండూ సరిగా ఉన్నాయని నేను చెప్పేలోపే ఆమె చేతికి తెలిసిపోయింది. కాయలను నా తువ్వాలలో పోసింది.

ఆ తర్వాత బుట్టలో తడిమి, ఇంకొక కాయ తీసి పైన పెట్టింది.

"గా నలభైకి" అంది.